పాము చెవుల ప్రేమ్ రాజ్

మంఖాల్‌లో ఎవరైనా స్పీకర్లు కొనాలంటే ముందు ప్రేమ్ రాజ్‌ను అడగాలి. అదేమీ చట్టం కాదు గానీ, అడక్కుండా కొన్నవాళ్లను అతను బతకనిచ్చేవాడు కాదు. ఇంటికి వచ్చి, పెట్టె మీద వేలితో కొట్టి చూసి, "దీనికి గింత పెట్టినవా?" అని ఒక్క మాట అనేసి, చాయ్ తాగి వెళ్లిపోయేవాడు. ఇక కొన్నవాడికి వారం దాకా పాట రుచించేది కాదు.

ఊళ్లో అతనికి పాము చెవులని పేరు. పాముకు చెవులే ఉండవని బళ్లో సార్లు చెబుతారు, కానీ పేరు పెట్టేవాళ్లు సార్లను అడిగి పెడతారా? చర్చిలో పాటల గుంపు గొంతెత్తితే అందులో ఎవరి గొంతు జారిందో చెప్పగలిగేవాడు. పాటంటే చెవి కోసుకునే మనిషి. ఆదివారం తాళాలు పట్టుకుని పాట నడిపించేది అతనే. మిగతా రోజుల్లో ఎయిర్‌పోర్టులో సామాన్ల ట్రాక్టరు నడుపుతాడు, ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్తలో చేరిన ఉద్యోగం అది.

విమానాల దగ్గర పనిచేసేవాళ్లకు చెవులు మూసే తొడుగులు ఇస్తారు. అందరూ వాటిని చెవులకు పెట్టుకుంటే ప్రేమ్ రాజ్ మెడలో వేసుకునేవాడు. "చెవులు మూసుకునేటోనికి పాటెట్లస్తది?" అనేవాడు. ఇంజను చప్పుడు విని, తల తిప్పకుండానే అది ఏ రకం విమానమో చెప్పి తోటివాళ్లను అబ్బురపరిచేవాడు. ఆ ముచ్చట కోసమే ఇన్నేళ్లూ ఇంజన్ల పక్కన చెవులు తెరుచుకుని నిలబడ్డాడు. తెలివైనవాడే, కానీ తెలివి ఒక్కోసారి మనిషిని మూర్ఖుడి కన్నా తొందరగా గోతిలోకి నడిపిస్తుంది.

ఈమధ్య అతను ఒక మాట తరచుగా అనేవాడు. "ఊరి సుట్టు వెంచర్లేసినంక కీచురాళ్లు గూడ పోయినయి. పొద్దూకితే ఒక్కటన్న అరుస్తలేదు." ఊరి మీద బెంగతో అంటున్నాడనుకుని భార్య వినీల తలూపేది.

వినీల తమ్ముడు కరుణ్ తుక్కుగూడలో కొత్తగా ఫ్లాటు తీసుకున్నాడు. అందులో ఒక జత స్పీకర్లు పెట్టాడు. వాటి ధరకు రెండు పాడి బర్రెలు వస్తాయని ఇంటిల్లిపాదీ చెప్పుకున్నారు. ప్రేమ్ రాజ్ ఊరుకుంటాడా? ఆదివారం ఆరాధన ముగియగానే తన ఇంట్లోని చవక జతను సంచిలో పెట్టుకుని, భార్యనూ తల్లి యేసమ్మనూ ఆటో ఎక్కించి బామ్మర్ది ఇంట్లో దిగాడు.

"కంపెనోళ్లు మన చెవుల పువ్వు పెడుతున్నరు బామ్మర్దీ. దుప్పటి కట్టు. ఏది మోగుతుందో చెప్పకు. ఎవడన్న గుర్తు పడితే నేను మీసం తీసేస్త."

కరుణ్ నవ్వుతూ దుప్పటి కట్టాడు. రెండు జతలూ దాని వెనక పెట్టి, చప్పుడు ఒకే మోతాదులో ఉండేలా సరిచేశాడు. ముందు పాస్టరు గారి ప్రసంగం ఒకదాని మీద, తర్వాత ఇంకోదాని మీద వినిపించాడు. ఎవరూ తేడా చెప్పలేకపోయారు. డప్పుల పాట పెట్టాడు. వినీల ఒకటంది, యేసమ్మ ఇంకోటంది, ఇద్దరివీ తప్పులే. ప్రేమ్ రాజ్ తొడ చరిచాడు.

"సూసినవా? పేరు గొప్ప ఊరు దిబ్బ. మాటకైన పాటకైన ఏదైతేంది?"

"ఒక్కటి ఉన్నది బావా, ఆగు," అంటూ కరుణ్ ఫోను తీశాడు. మొన్న ఈస్టరుకు చర్చిలో తీసిన రికార్డింగు అది. డోలు మోతకు వినీల పాడుతుంటే, ప్రేమ్ రాజ్ తాళాలు కొట్టాడు. మొదట ఒక జత మీద వేశాడు, తర్వాత రెండో జతకు మార్చాడు.

రెండోది మొదలవగానే యేసమ్మ ముఖం విచ్చుకుంది. డెబ్బై దాటిన మనిషి, కళ్లజోడు లేకుండా దారి కనబడదు. "అబ్బ, ఇండ్ల తాళాలు ఎంత ముద్దుగ మోగుతున్నయి బిడ్డా! ముందటి దాంట్ల రేకు డబ్బ కొట్టినట్టుండె," అంది.

"అవునత్తా, కొట్టినంక జర సేపు గాలిల నిలవడ్డట్టున్నది," అంది వినీల.

ప్రేమ్ రాజ్ ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. "తాళాలేడియి? ఫోన్ల తాళాలు పడనే లేదు గద!"

కరుణ్ పగలబడి నవ్వాడు. "ఓడినంక గిట్ల మాట మార్చుడేంది బావా! రెండిట్ల వినవడ్తున్నయి. మా దాంట్ల మంచిగ వినవడ్తున్నయి, గంతే."

అందరూ నవ్వారు. ప్రేమ్ రాజ్ కూడా నవ్వబోయాడు. అంతలో తల్లి చేతి మీద అతని చూపు పడింది. ఆమె వేలు మోకాలి మీద తాళం వేస్తోంది. వినీల కాలు కూడా అదే తాళానికి కదులుతోంది. కొట్టింది తనే కాబట్టి ఆ దెబ్బలు ఎక్కడెక్కడ పడ్డాయో అతనికి తెలుసు. అక్కడ అతనికి వినీల గొంతు వినబడుతోంది, డోలు వినబడుతోంది, తాళాల చోట మాత్రం ఏమీ లేదు. చవక దాంట్లోనూ లేదు, ఖరీదైన దాంట్లోనూ లేదు. చర్చిలో కొట్టేటప్పుడు చేతికి తెలిసే అదురునే ఇన్నాళ్లూ మోత అనుకున్నాడన్నమాట.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. కుడితిలో పడ్డ సంగతి మిగతావాళ్లకు తెలియకూడదని ఆ బల్లి ఎంత గింజుకుంటుందో సామెత చెప్పదు.

"ఊకనే అన్న. నీయే మంచిగున్నయి బామ్మర్దీ. ఖరీదుకు తగ్గట్టే ఉన్నయి," అన్నాడు.

కరుణ్ పొంగిపోయాడు. వినీల మాత్రం నవ్వు ఆపి మొగుణ్ణి చూసింది. పెళ్లయిన నాటి నుంచి అతను ఖరీదైన వస్తువును మెచ్చుకోగా ఆమె వినలేదు.

ఇంటికి వచ్చాక, పొద్దు గూకుతుండగా అతను అరుగు మీద కూర్చున్నాడు. వినీల తాళాలు తెచ్చి అతని వెనక నిలబడి మెల్లగా కొట్టింది. అతను కదల్లేదు. మళ్లీ కొట్టింది. మూడోసారి గట్టిగా కొడితే తిరిగాడు.

"ఏందో తట్టినట్టాయె," అన్నాడు. ఆమె చేతుల్లో తాళాలు చూసి తల దించుకున్నాడు. "ఇప్పుడు కీచురాళ్లు అరుస్తున్నయా?" అని అడిగాడు.

"ఎప్పుడు ఆగినయి?" అంది వినీల, కళ్లు తుడుచుకుంటూ. "సన్నని చప్పుళ్లే నీకు వినవడ్తలేవు. రేపు దవాఖానకు పోదాం. డ్యూటీల గూడ చెప్పు. అక్కడ బండ్లు తిరుగుతయి."

"చెప్తే ట్రాక్టర్ మీదికెల్లి దించుతరు. చర్చిల తాళాలు ఇంకోని చేతికి పోతయి. ఇగ నేనెవరిని వినీలా?" నిజంగానే భయపడ్డాడు. ఒట్టు పెట్టుకోవద్దని బైబిలు వాక్యంలో ఉందని తెలిసి కూడా, ఎవరికీ చెప్పనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆమె వేసింది, వేసినందుకు తనను తాను తిట్టుకుంది.

సోమవారం మధ్యాహ్నం విమానం పక్కన వంగి, ప్రేమ్ రాజ్ సామాన్ల బండిని ట్రాక్టరుకు తగిలిస్తున్నాడు. భుజం పట్టుకుని ఎవరో గట్టిగా గుంజారు. తిరిగి చూస్తే తోటి డ్రైవరు చెన్నయ్య, చెమటలు కక్కుతూ ఉన్నాడు. విమానానికి ఆనించడానికి అతను నడిపే మెట్ల బండి వెనక చక్రం ప్రేమ్ రాజ్ మడమకు జానెడు దూరంలో ఆగి ఉంది. చెన్నయ్య అద్దంలో చూసి బ్రేకు తొక్కి దిగి పరుగెత్తుకొచ్చాడు.

"వెనకకొస్తుంటే టీం టీం అని మోగుతనే ఉండె గదరా! వినవడ్తలేదా?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. ప్రేమ్ రాజ్ నోరు తెరిచాడు కూడా. చుట్టూ నలుగురు పనివాళ్లు తననే చూస్తున్నారు.

"విన్న గదన్నా," అన్నాడు. "నువ్వు ఆగుతవని ఎరుకై కదల్లే."

చెన్నయ్య గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకున్నాడు. "గదీ! నీ చెవి సంగతి నాకెరుక లేదా? నేనే ఉత్తగ పరేషానైన." నవ్వుతూ ప్రేమ్ రాజ్ వీపు చరిచి వెళ్లి బండెక్కాడు.

చెన్నయ్య జాగ్రత్త గల మనిషి. బండి వెనక్కి తీసేటప్పుడు ఇప్పటికీ అద్దంలో చూస్తాడు, మనిషి కనబడితే కేకేస్తాడు. వెనక ఉన్నది ప్రేమ్ రాజ్ అని ముందే తెలిస్తే మాత్రం, వింటాడులే అని ఇక చూడడం లేదు.