నూలు: స్థానికం

ఇప్పుడు చెప్పబోయేది మహాకావ్యం. ఇందులో యుద్ధముంది, పగ ఉంది, పరాయి ఊళ్లో పరువు కోసం పోరాడిన వీరనారి ఉంది.

సరే, అంత లేదు. అరచేయంత అట్టముక్క మీద మా పెద్దమ్మ పేరు పడుతుందా పడదా అన్నదే గొడవంతా. వీరనారికి మోకాళ్ల నొప్పులు కూడా.

పెద్దమ్మది పొందూరు. చిన్నప్పట్నుంచీ రాట్నం ముందే. ఆవిడ వడికిన నూలుతో నేసిన పంచెని విజయనగరంలో ఓ చిన్న మ్యూజియంలో పెట్టారని నేసినాయనే చెప్పాడు. పాసింజరెక్కించి తీసుకెళ్లాను. అద్దాల పెట్టె ముందు నిలబెట్టి అట్ట చదివాను. నేసినాయన పేరు ఇంటిపేరుతో సహా ఉంది. కింద, ‘నూలు: స్థానికం.’

"స్థానికమంటే ఏటిరా?"

"మనూరిదే అని."

"మనూర్లో నూలు సెట్లకి కాస్తాదేటి?"

తిరుగు రైలుకి టైమవుతోంది. నాకు కాలు నిలవడం లేదు. ఈవిడేమో పెట్టె ముందే చతికిలబడింది. మ్యూజియం చూసుకునే అమ్మాయి కంగారుగా వచ్చి, సంగతి విని, "మీ పేరు చెప్పండమ్మా, అట్ట మార్పిస్తాను" అంది.

యుద్ధం అయిపోయిందనుకున్నా. పెద్దమ్మ మాత్రం కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"చెప్పు పెద్దమ్మా, రైలెళ్లిపోతాది."

"పత్తి దువ్వింది నేను కాదురా."

మా వాళ్లు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల మీద చెయ్యి తేలిగ్గా ఆడకపోతే నూలు సన్నగా రాదు. ఆడించేది పెద్దమ్మ తోటికోడలు. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుంటారు. మాటల్లేవు, ఎప్పుడో ఒకరి మునగకొమ్మ ఇంకొకరు కొట్టిన నాటి నుంచీ. పత్తి తట్ట మాత్రం అటు నుంచి ఇటు జరుగుతుంది.

ఆ పేరు చెబితే ఓడిపోయినట్టు. చెప్పకపోతే, తన పేరు మింగేసిన ఆ అట్టకీ తనకీ తేడా లేనట్టు.

"రాసుకో అమ్మా," అని తోటికోడలి పేరు చెప్పింది చివరికి. "దాని పేరే ముందెట్టు. మొకం సూడను గానీ, దాని సెయ్యి మంచిది." తర్వాత తన పేరు, నెమ్మదిగా.

నేను రైలు సంగతి మర్చిపోయాను.

మొన్న వెళ్లి చూశాను. అట్ట మార్చారు. రెండు పేర్లూ ఉన్నాయి. అక్కడి నుంచే పెద్దమ్మకి ఫోన్ చేశాను.

"దాన్ని కూడా తీసుకొస్తాను. బాగా కనపడతన్నాయేటిరా?"

పెట్టె ఉన్న మూల ట్యూబ్‌లైటు వెలగడం లేదు. చోక్ మార్చాలట.