టీ సర్టిఫికెట్ లేని చుట్లక్క

మోటారు కడుపులో ఏముందో బయటివాళ్ళకు కనపడదు. పైన ఇనుప డొక్క, దానికి పచ్చ రంగు, ఒక రేకు ముక్క మీద నాలుగు అంకెలు. లోపల మాత్రం వెంట్రుకంత రాగి తీగ వందల చుట్లు తిరిగి, కాగితం పొరల మధ్య, వార్నిష్ వాసనలో ముడుచుకుని పడుకుని ఉంటుంది. కాలిపోయిన మోటార్లు బాగుచేసే ఆ షాపులో పన్నెండేళ్ళుగా ఆ చుట్లన్నీ ఒకే మనిషి వేళ్ళలోంచి వెళ్ళాయి. అందుకని ఆమెను అందరూ చుట్లక్క అన్నారు. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళకు కూడా ఆమె అక్కే.

షాపులో పద్దెనిమిది మంది మగవాళ్ళు, ఆమె ఒక్కతే ఆడది. పొద్దున పదింటికి, మధ్యాహ్నం మూడింటికి చేతిలో తీగ పక్కన పెట్టి, లేచి, పందొమ్మిది గ్లాసుల టీ కాచేది. కాయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పనిలో చేరిన మొదటి రోజు నిలబడడానికి చోటు లేక పొయ్యి పక్కన నిలబడింది. అంతే. పన్నెండేళ్ళయినా అక్కడినుంచి జరగమన్నవాడు లేడు.

ఈమధ్య సన్నతీగ ఆమె కళ్ళకు రెండుగా కనపడుతోంది. అద్దాలు మార్చింది. తీగ రెండు నుంచి ఒకటిన్నరకు వచ్చింది కానీ ఒకటి కాలేదు. తీగ చుట్టే వైండరుకు కళ్ళు పోతే ఆ షాపులో మిగిలేది గోనెసంచులు కుట్టే మూల. ఆ మూలకు కిటికీ లేదు.

కిటికీ ఉన్నది టెస్ట్ కుర్చీ దగ్గర. అందులో చెవి మాస్టారు కూర్చునేవాడు. స్క్రూడ్రైవర్ మొన తిరుగుతున్న మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. నచ్చితే ఎర్ర రంగులో కుంచె ముంచి మోటారు మీద తన గుర్తు పెట్టేవాడు. ఆ గుర్తు లేకుండా ఏదీ గుమ్మం దాటదు. ఇంకో రెండు మూడు నెలల్లో ఆయన రిటైరవుతాడు. చుట్లక్క ప్రాణం ఆ కుర్చీ మీద ఉంది. చెవులకు అద్దాలు అక్కర్లేదు కదా.

అలాంటి రోజుల్లో సంఘం మేడమ్ వచ్చింది. పనిచోట ఆడామగా సమానంగా ఉండేందుకు పేటల్లోని సంఘాలకు ప్రభుత్వం నిధులిస్తోందట. మేడమ్ మంచి మనిషి. ఆమె సంచి నిండా గ్రాఫులు, కళ్ళ నిండా నమ్మకం.

"మీ షాపులో అసమానత్వం ఎక్కడుంది?" అని అడిగింది.

పద్దెనిమిది మందీ కిందపడిన మరమేకును వెతుకుతున్నట్టు బల్లల కిందికి చూశారు. మేనేజరు బీరువా వెనక్కి కూడా చూశాడు. గోడ గడియారం మూడు కొట్టింది. చుట్లక్క లేచి పొయ్యి వెలిగించింది.

"దొరికింది!" అని మేడమ్ చప్పట్లు కొట్టింది.

వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే అదే. నెల తిరక్కుండా పథకం మంజూరైంది: మగ కార్మికులకు టీ తయారీలో నలభై రోజుల శిక్షణ. పై గదిలో బల్లలు వేశారు. తెల్లకోట్లు వచ్చాయి, మనిషికొక థర్మామీటరు వచ్చింది, అరవై పేజీల పుస్తకం వచ్చింది. పొయ్యి చుట్టూ నేల మీద పసుపు గీత గీశారు. చుట్లక్క ఆ గీత దాటకూడదు. దాటితే పథకం రద్దు.

మొదటి వారం పాఠం పేరు 'నీటితో పరిచయం'. రెండో వారం 'ఆవిరి, దాని స్వభావం'. టీపొడి మూడో వారంలో గానీ రాదు. అప్పటిదాకా షాపులో టీ లేదు. తలనొప్పులతో మనుషులు గోడల వెంట నడిచారు. గ్రీజు అని ఒక ఫిట్టరు ఉండేవాడు, నలభై దాటిన మనిషి, చేతులు ఎంత కడిగినా నల్లగానే ఉండేవి కాబట్టి ఆ పేరు. అతను పసుపు గీత పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అక్కా, నీకు దండం పెడతా. ఎవరూ చూడరు. ఒక్క గ్లాసు."

"వద్దురా తమ్ముడూ, నీ సమానత్వం పోతుంది."

"పోనీ అక్కా! తల పగిలిపోతోంది. సమానత్వం రేపు తెచ్చుకుంటాను."

"నీళ్ళతో పరిచయమైంది కదా? పలకరించు, అవే మరుగుతాయి."

రోజూ రెండింటికి మగవాళ్ళంతా తెల్లకోట్లు తొడుక్కుని మేడెక్కేవారు. పై గదిలోంచి పాఠం వల్లెవేస్తున్న గొంతులు వినపడేవి. కింద షాపులో అన్ని యంత్రాలూ ఆగిపోయి, దుమ్ము మెల్లగా నేలకు దిగి, ఎండ బల్లల మీద పిల్లిలా పడుకునేది. మిగిలింది ఇద్దరే: ఆమె, చెవి మాస్టారు. రిటైరవుతున్నాడని ఆయన్ని శిక్షణ నుంచి తప్పించారు.

"ఖాళీగా కూర్చుంటే చెవి తుప్పు పడుతుంది. ఇలా రామ్మా" అన్నాడాయన ఒకరోజు.

స్క్రూడ్రైవర్ పిడి ఆమె చెవికి ఆనింది. చల్లగా ఉంది. ఇనుము లోపల ఎక్కడో తను చుట్టిన తీగ సన్నటి హోరు, దాని చుట్టూ గాలి గొణుగుడు.

"మంచి బేరింగు ఎలా వినపడుతుంది మాస్టారూ?"

"పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు."

"చెడ్డదో?"

"పక్క గదిలో ఎవరో నిద్ర నటిస్తున్నట్టు."

పన్నెండేళ్ళు తను లోపల దాచిన తీగలు ఇన్నాళ్ళకు తనతో మాట్లాడుతున్నట్టు ఆమెకు అనిపించింది. నలభై రోజుల్లో ఏ మోటారు నిజంగా నిద్రపోతోందో, ఏది దొంగనిద్రో ఆమెకు తెలిసిపోయింది. చివరి వారంలో మాస్టారు ఆమె చెప్పాకే కుంచె ముంచేవాడు.

శిక్షణ ముగిసింది. పద్దెనిమిది మందిలో మాస్టారు పోగా పదిహేడు మందికి ప్రభుత్వ ముద్ర ఉన్న నైపుణ్య పత్రాలు ఇచ్చారు. గ్రీజు మొదటి స్థానంలో వచ్చాడు. అతని టీలో కొద్దిగా ఇంజను వాసన ఉండేది కానీ ఉష్ణోగ్రత మాత్రం పాయింటు తప్పలేదు.

చెవి మాస్టారు స్క్రూడ్రైవర్‌ను బల్ల మీద పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే చుట్లక్క మేనేజరు గదికి వెళ్ళింది.

"ఆ కుర్చీ నాకివ్వండి సార్. నలభై రోజులు మాస్టారి దగ్గర నేర్చుకున్నాను."

మేనేజరు పాపం నిజంగానే బాధపడ్డాడు. "ఇవ్వాలనే ఉందమ్మా. రూలొకటుంది. టెస్ట్ కుర్చీలో కూర్చునేవాళ్ళకు ప్రభుత్వ ముద్ర ఉన్న నైపుణ్య పత్రం ఉండాలి. నీ దగ్గరుందా?"

"నాకు పన్నెండేళ్ళ పని ఉంది."

"పని ఉంటే చాలదు, పత్రం ఉండాలి. గ్రీజు దగ్గరుంది."

"అది టీ పత్రం కదండీ!"

మేనేజరు అద్దాలు సవరించుకుని చదివాడు. "'వేడిని, శబ్దాన్ని గమనించి నిర్ణయం తీసుకోగలడు.' ఇంతకన్నా ఏం కావాలి?"

గ్రీజు కుర్చీ ఎక్కాడు. తిరుగుతున్న మోటారుకు థర్మామీటరు పెట్టాడు. తొంభై రాకముందే దింపేశాడు, పుస్తకంలో అలా ఉందని. అతను ఎర్రగుర్తు పెట్టి పంపిన మోటార్లలో మూడు ఆ వారమే పొగ కక్కుతూ తిరిగొచ్చాయి.

"అక్కా, నాకేమీ వినపడట్లేదు. మరిగే శబ్దమొకటే వినపడుతోంది. ఈ కుర్చీ నువ్వే తీసుకో, నీకు పుణ్యముంటుంది" అన్నాడు గ్రీజు ఏడుపు మొహంతో.

"పత్రం లేదురా."

"టీ పరీక్ష రాయరాదూ? నువ్వు పెడితే ఫస్టుక్లాసు!"

అదీ నిజమే అనుకుని ఆమె మేడమ్ దగ్గరకు వెళ్ళింది. మేడమ్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అయ్యో, ఈ శిక్షణ మగవాళ్ళకే. ఆడవాళ్ళకు టీ నేర్పిస్తే పైవాళ్ళు ఊరుకుంటారా? అది వివక్ష కాదూ?"

మళ్ళీ తనే ఆలోచించి, మొహం వెలిగించుకుంది. "కానీ చూడండి, షాపు మొత్తంలో పత్రం లేనిది మీ ఒక్కరికే. ఇది కొత్త అసమానత్వం! రెండో విడత అడుగుదాం."

దరఖాస్తు తయారైంది. నలభై రెండు పేజీలు. దాని పైన పెద్దక్షరాలతో 'టీ తయారీలో వెనుకబడిన మహిళకు చేయూత' అని ఉంది. లబ్ధిదారు సంతకం ఒకటి కావాలి. ఉన్న లబ్ధిదారు ఒక్కతే.

ఇంట్లో అత్తగారు ఆ పేజీ చూసి, కోడలి వైపు చూసి, కుర్చీలో వెనక్కి వాలింది. "నీకు టీ రాదని చివరికి ప్రభుత్వం తేల్చిందన్నమాట. నేను పెళ్ళైన మూడో రోజే చెప్పాను. నా మాట ఎవరు విన్నారు?"

"అత్తయ్యా, ఇందులో మీ పేరు సాక్షిగా రాయమంటారా?"

"రాయవే. కావాలంటే ఆఫీసుకొచ్చి కూడా చెప్తాను."

మర్నాడు మేనేజరు పెన్ను చాపి, "ఇక్కడ ఒక సంతకం పెట్టేయమ్మా" అన్నాడు.

చుట్లక్క పెన్ను తీసుకోలేదు. మొదటి పేజీ తిప్పి వేలు పెట్టి చూపించింది. 'లబ్ధిదారు దరఖాస్తును పూర్తిగా, తొందర లేకుండా చదివి, అర్థం చేసుకున్న తరువాతనే సంతకం చేయవలెను. తొందరపెట్టినవారిపై చర్య తీసుకోబడును.'

"నా కళ్ళ సంగతి మీకు తెలుసు కదండీ. రోజుకొక పేజీ కన్నా చదవలేను. అదీ వెలుతురు ఉన్నచోటే."

షాపులో వెలుతురు ఉన్నది ఒక్కచోటే. గ్రీజు అప్పటికే కుర్చీ దిగి, చొక్కా అంచుతో దాన్ని తుడుస్తున్నాడు.

ఆమె కూర్చుంది. ఒడిలో దరఖాస్తు, ఎదురుగా బల్ల మీద మోటార్లు. పొద్దున ఒక పేరా చదివేది. కళ్ళకు విశ్రాంతి కావాలని అద్దాలు తీసి, స్క్రూడ్రైవర్ అందుకుని, మోటారుకు ఆనించి కళ్ళు మూసుకునేది. తర్వాత ఇంకో పేరా. చుట్లు వేయడానికి మేనేజరు పక్కవీధి నుంచి ఒక వైండరును తెచ్చుకున్నాడు. ఆమెను లేవమనే మాట నోటిదాకా వచ్చేది గానీ మొదటి పేజీ గుర్తొచ్చి ఆగిపోయేది.

"ఎంతవరకొచ్చావమ్మా?" అనేవాడు దూరం నుంచి, జబ్బుమనిషిని పలకరించినట్టు.

"తొమ్మిదో పేజీ సార్. 'సమగ్ర' అంటే ఏంటండీ?"

"అంటే… అంతా."

"అంతానా? మరి అలాగే రాయొచ్చు కదా" అని పెన్సిలుతో గీత పెట్టుకునేది.

పదిహేనో పేజీ వచ్చేసరికి పొగ కక్కే మోటార్లు రావడం ఆగిపోయింది. ఇరవయ్యో పేజీ నాటికి బయటి మెకానిక్కులు గుమ్మం దగ్గర నిలబడి, "చదువుకునే మేడమ్ చూసిన మోటారేనా ఇది?" అని అడగసాగారు. ఎర్రగుర్తు పెట్టడానికి ఆమెకు అధికారం లేదు కాబట్టి, తను సరే అన్న మోటారు మీద గ్రీజు వేలు పట్టుకుని రంగులో ముంచి వేయించేది. అతను మొహం పక్కకు తిప్పుకుని వేసేవాడు.

ముప్పై ఒకటో పేజీ రోజున మేడమ్ పరుగెత్తుకుంటూ వచ్చింది. దరఖాస్తుకు ఆఖరి రోజు అదే. ఇన్ని పేజీల్లో ఆ తేదీ ఎవరి కంటా పడలేదు. మేనేజరు కూడా వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"తొందరపెట్టట్లేదమ్మా" అన్నాడు చెమట తుడుచుకుంటూ. "ఊరికే అడుగుతున్నాను."

"పెడతానండీ. ఈ గడి ఒకటి ఖాళీగా ఉంది, 'లబ్ధిదారు చేయుచున్న పని' అని. ఏం రాస్తారో రాయండి."

"వైండర్" అని పెన్ను తీశాడు మేనేజరు.

"ఈ నెల రోజుల్లో నేను ఒక్క చుట్టు వేశానా సార్? అబద్ధం రాస్తే పథకం పెట్టినవాళ్ళూ, ముద్ర వేసినవాళ్ళూ ఇద్దరూ శిక్షకు అర్హులని ఇరవై రెండో పేజీలో ఉంది. మీరు చదివే ఉంటారు."

మేనేజరు చదవలేదు. మేడమ్ కూడా చదవలేదు. ఇద్దరూ ఇరవై రెండో పేజీ తిప్పి చూశారు. ఉంది.

"మరి నువ్వు చేసిన పనేంటి?"

"అక్కడే ఉన్నారుగా, అడగండి" అంది చుట్లక్క.

పదిహేడు మందీ ఒక్కసారి తలెత్తారు. "టెస్టింగు!" అని గ్రీజు అరిచాడు, ఎర్ర వేలు పైకెత్తి. ఆ వేలు చూశాక మేనేజరు పేజీని తనవైపు లాక్కున్నాడు. గడిలో 'టెస్టర్' అని రాసి, షాపు ముద్ర గుద్దాడు. ప్రభుత్వానికి అలా రాసి పంపాక, షాపు రికార్డులో వేరేగా ఉంటే తన మెడకే చుట్టుకుంటుంది. అందుకని అదే కలంతో కుర్చీ ఆర్డరు కూడా రాసి సంతకం పెట్టాడు. పత్రం ఊసు ఎవరూ ఎత్తలేదు. చుట్లక్క ఆ ఆర్డరు రెండుసార్లు చదివింది. అప్పుడు దరఖాస్తు మీద సంతకం పెట్టింది.

నెల తర్వాత మేడమ్ మళ్ళీ వచ్చింది. ఆమె మొహం చూసి మగవాళ్ళు ఎవరో పోయారనుకుని టోపీలు తీశారు.

"రెండో విడత రాలేదు" అంది మేడమ్ రుమాలు వెతుక్కుంటూ. "ఉన్న ఒక్క మహిళా టెస్టర్ హోదాలో ఉంది కాబట్టి, మీ షాపులో ఇక అసమానత్వం లేదని తిప్పి పంపారు. ఎంత కష్టపడ్డాం!"

"అయ్యో, ఇంకెక్కడైనా కాస్త మిగిలుందేమో చూడండి మేడమ్" అన్నాడు గ్రీజు, గ్లాసు అందిస్తూ.

మేడమ్ నిజంగానే చుట్టూ చూసింది. "చుట్లక్కగారూ, మీకైనా ఏమైనా…"

చుట్లక్క వినిపించుకోలేదు. ఆమె చెవికి పిడి ఆనింది, కళ్ళు మూసుకున్నాయి. ఒక చెయ్యి గాలిలోకి లేచి, ఆగమంది. షాపంతా ఆగింది. మేడమ్ కూడా రుమాలు ముక్కు దాకా తెచ్చి ఆపేసింది.

"దొంగనిద్ర" అంది చుట్లక్క కళ్ళు తెరిచి. "విప్పండి."