కుసుమ చేను గట్టున తేనెపెట్టె

పోయినేడాది మా మొదటి తేనెటీగలు చెప్పాపెట్టకుండా లేచిపోయాయి. పొద్దున్నే పెట్టె తీస్తే ఖాళీ మైనపు పట్లు తప్ప ఏమీ లేవు. ఎండకు పోయాయో, చీమల బాధకు పోయాయో ఇప్పటికీ తెలియదు. ఈసారి ఇంటి వెనక కుసుమ చేను గట్టున కొత్త పెట్టె పెట్టుకున్నాం కానీ, ఇవి కూడా పోతాయేమోనన్న భయం నన్ను ఒకచోట కూర్చోనిచ్చేది కాదు.

అది చాలదన్నట్టు మా ఆయన బీదర్ నుంచి ఒక చిల్లుల పలక తెచ్చాడు. తేనె కొనే దుకాణపాయన పుప్పొడి కూడా కావాలన్నాడట. ఆ పలకను పెట్టె వాకిలికి బిగిస్తే ఈగ ఒళ్లు ఇరికించుకుని లోపలికి దూరాలి. దూరేటప్పుడు దాని కాళ్లకున్న పుప్పొడి ముద్దలు రాలి కింది సొరుగులో పడతాయి. తెచ్చింది మా ఆయన, బిగించింది ఆయన, కాపలా మాత్రం నాది.

పప్పు పొయ్యి మీద పెట్టి ఒకసారి, దింపి ఒకసారి వెళ్లి సొరుగు లాగి చూసేదాన్ని. పచ్చటి ముద్దలు చూస్తే సంతోషమయ్యేది. తల ఎత్తి వాకిలి చూస్తే ఆ సంతోషం ఉండేది కాదు. అంత దూరం తిరిగి మోసుకొచ్చిన ఈగ చిల్లు దగ్గర పెనుగులాడి ఉత్త కాళ్లతో లోపలికి పోయేది. లోపల పిల్లలకు అదే కదా తిండి. అవి బతక్కపోతే పెద్దవి ఇక్కడ ఎందుకుంటాయి?

ఆయనతో అంటే, "సగం పుప్పొడి లోపటికే పోతది. నువ్వు ఊకె పరేషాన్ గాకు," అన్నాడు.

ఒక మధ్యాహ్నం సొరుగు లాగితే అడుగున నాలుగు పలుకులు కూడా లేవు. వాకిలి దగ్గర ఈగల రాకపోకలు లేవు. ఇవి కూడా పోయాయనుకున్నాను. పెట్టెకు చెవి ఆనించాను. లోపల రొద వినిపించింది. ప్రాణం లేచొచ్చి పెట్టె వెనక వైపుకు వెళ్లి చూశాను. అక్కడ మూత కింద జొన్న దంటు ముక్క ఇరికించి ఉంది. ఆ సందులోంచి ఈగలు పచ్చటి కాళ్లతో వరసగా లోపలికి పోతున్నాయి.

"ఎవరు పెట్టిండ్రు ఇది?" అని అరిచాను.

"నేనే పెట్టిన," అంది మా అత్తమ్మ. ఈగలంటే ఆమెకు హడలు. తల నిండా కొంగు కప్పుకుని, గడ్డివాము అవతలే నిలబడింది.

"గీ ఎవ్వారం నీకెందుకు అత్తమ్మా? అంతా ఖరాబు చేస్తివి."

"గవి తెచ్చుకున్నది నువ్వు గడప కాడనే గుంజుకుంటుంటివి. సూడబుద్ధి గాలేదు."

దంటు పీకేయబోయాను.

"పోయినేడు ఎందుకు పోయినయో మనకు తెల్వదు బిడ్డా," అంది మెల్లగా. "ఈసారి పోతే ఎందుకు పోయినయో తెలుస్తది గద."

ఆమె మీద కోపం పోలేదు, కానీ నేను రోజూ సొరుగు దగ్గర పడుతున్న భయమే ఆమె బయటికి అనేసింది. దంటు వదిలేసి, పెట్టె ముందు వైపుకొచ్చి పలక ఊడదీసి గోడకు ఆనించాను. ఆయన వస్తే ఏం చెప్పాలో కూడా ఆలోచించలేదు.

పొద్దుగూకే దాకా అక్కడే తచ్చాడుతూ ఉన్నాను. వాకిలి బార్లా తెరిచి ఉంది. ఒక్క ఈగ కూడా అటు రాలేదు. పచ్చటి కాళ్లతో అన్నీ వెనక సందులోంచే పోతున్నాయి. ఆ దంటు ముక్క తీయడానికి నాకు చెయ్యి రాలేదు.