కంటి అంచు తేనెరంగు

ఫొటోగ్రాఫరుకి ఒక గర్వం ఉండేది. తన కెమెరా ముందు కూర్చుని లేచినవాళ్ళెవరూ ఫొటోలో ఉన్నది ఉన్నట్టు కనిపించరని. లైసెన్సు కోసం వచ్చిన కుర్రాడి మొటిమలు, ఉద్యోగానికి ఫొటో దిగవచ్చిన అమ్మాయి కళ్ళ కింది నలుపు, ముసలాయన మెడ మీది ముడతలు, అన్నీ కంప్యూటరు ముందు కూర్చుని ఓపికగా తుడిచేసేవాడు. "దేవుడు తొందరలో చేసిన పని, నేను తీరిగ్గా సరిచేస్తున్నా" అనేవాడు. బజారంతా ఆయన్ని మెరుగుల మాస్టారు అని పిలిచేది. ఆ పేరు విని మురిసిపోయేవాడేగాని, అందులో వెటకారం పాలెంతో ఎప్పుడూ ఆలోచించలేదు.

స్టూడియో ఇరుకు గది. ముందు గాజు కౌంటరు, వెనక నీలం తెర, ఎత్తు తగ్గించి పెంచుకునే గుండ్రటి స్టూలు, రెండు గొడుగు లైట్లు. ఆ స్టూలు మీద అందరికంటే ఎక్కువసార్లు కూర్చున్నది ఆయన ఒక్కగానొక్క కూతురు. కొత్త లైటు కొన్నా, కొత్త లెన్సు కొన్నా ముందు ఆ పిల్లనే పిలిచేవాడు. కాకిపిల్ల కాకికి ముద్దంటారుగాని, ఆ పిల్ల నిజంగానే చూడముచ్చటగా ఉండేది.

కాలేజీలో చేరినప్పుడు గుర్తింపు కార్డుకి ఫొటో కావాలంది. తీశాడు. కంప్యూటరులో పెద్దది చేసి చూస్తే నల్లగుడ్డు చుట్టూ, సరిగ్గా అంచున, సన్నటి గోధుమరంగు గీత, తేనె అంటుకున్నట్టు. లైటు పడ్డ తీరనుకున్నాడు. లైటు జరిపి మళ్ళీ తీశాడు. గీత అక్కడే ఉంది. తన పనితనానికే అది మచ్చ అనిపించింది. బ్రష్షు సన్నం చేసి రెండు కళ్ళలోనూ శుభ్రంగా తుడిచేశాడు. ఎంత నేర్పుగా తుడిచాడంటే, తర్వాత ఆ గీత సంగతే మరిచిపోయాడు.

కొన్నాళ్ళకి పిల్ల చేతిరాత చెడింది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణికేవి. మాట ముద్దగా వచ్చేది. పరీక్షల భయం అన్నాడు తండ్రి. తిండి సరిగా తినదు అంది తల్లి. ఒక డాక్టరు కామెర్లన్నాడు, ఇంకొకాయన నరాల బలహీనతన్నాడు, పక్కింటావిడ అయితే ఏదో ప్రేమ వ్యవహారమని తేల్చేసింది. చివరికి పెద్దాసుపత్రిలో ఒక కంటి డాక్టరమ్మ దీపం పట్టి చూసి అసలు సంగతి చెప్పింది. విల్సన్ వ్యాధి. తిండిలో ఉండే రాగి, ఒంటికి చాలినంత పోగా మిగిలింది, మనందరికీ బయటికి పోతుంది. ఈ పిల్లలకు పోదు. కాలేయంలో, మెదడులో, కంటి అంచున పేరుకుంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, లోపమున్న జన్యువులు రెండూ కలిస్తే వస్తుంది. ఇచ్చినవాళ్ళు మాత్రం నిక్షేపంగా ఉంటారు. ముందే కనిపెడితే రోజూ మందులు వేసుకుంటూ మామూలుగా బతికేవాళ్ళు చాలామంది ఉన్నారట. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. కాలేయం అప్పటికే చేతులెత్తేసింది. పిల్ల దక్కలేదు.

తర్వాత ఆయన స్టూడియో తెరిచాడుగాని మెరుగులు మానేశాడు. మొటిమలతో సహా ఫొటో చేతిలో పెడితే గిరాకీ నిలుస్తుందా? పైగా స్టూలు మీద కూర్చున్న ప్రతి పిల్లనీ "కళ్ళు పెద్దవి చెయ్యమ్మా" అని ఎగాదిగా చూసి, పెద్దవాళ్ళతో రాగి పురాణం ఎత్తుకునేవాడు. ఫొటోకొచ్చామా ఆసుపత్రికొచ్చామా అని వాళ్ళు పక్కవీధి స్టూడియోకి పోయేవారు. ఆయన లెక్కచెయ్యలేదు. ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదు. ఆయనకి మిగిలిన ఆశ అదొక్కటే.

డాక్టరమ్మ కాళ్ళావేళ్ళా పడి, గ్రంథాలయం మేడ మీది హాల్లో ఒక ఆదివారం సాయంత్రం మాట్లాడటానికి ఒప్పించాడు. అయితే ఉత్త మాటలు ఎవరు నమ్ముతారు? చూపించాలి. చూపించడానికి ఆయన దగ్గరున్నది ఒక్కటే, కూతురి ఫొటో, తుడవక ముందుది. అది కంప్యూటరులో అలాగే పడి ఉంది.

సంగతి తెలిసి అన్నగారు ఇంటికొచ్చాడు. "ఇంటి గుట్టు నలుగురిలో పెడతావట్రా? రేపు నా పిల్లలకి సంబంధాలెలా వస్తాయి? వాళ్ళ రక్తంలోనే ఏదో ఉందంటారు."

"ఉందన్నయ్యా. ఉందనే చెప్తున్నా. నీ పిల్లలకీ పరీక్ష చేయించు."

అన్నగారు తన ముందు పెట్టిన టీ ముట్టుకోకుండా లేచిపోయాడు.

అన్నను కాదనగలడు. భార్యను ఎలా కాదంటాడు? ఇంట్లో గోడ మీద పిల్ల ఫొటో ఉంది, మెరుగులు దిద్దినదే. ఆవిడ పొద్దున లేస్తూనే దాంతో మాట్లాడుతుంది. మచ్చ అనుకుని గీత తుడిచేసిన సంగతి ఆవిడకి ఎప్పుడో చెప్పేశాడు. "నలుగురూ దాన్ని జబ్బుమనిషిగా చూడటం నాకిష్టం లేదండీ. ఆ ఫొటో నాకు చూపించకండి. నేనక్కడికి రాను" అంది.

"నువ్వొద్దంటే మానేస్తా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆవిడ కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండా "మీ ఇష్టం" అంది. పెళ్ళాం నోట ఆ మాటకి అర్థమేమిటో మొగుళ్ళందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు. అయినా తెలియనట్టు ఊరుకున్నాడు.

ఆదివారం కుర్చీలు సగం కూడా నిండలేదు. వచ్చినవాళ్ళలో సగంమంది వింత చూడటానికి వచ్చినవాళ్ళే. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాడు పాపం అని మందుల షాపాయన పక్కవాడి చెవిలో ఊదాడు. డాక్టరమ్మ చెబుతుంటే ఆవలింతలు వినిపించాయి. ఆయన లేచి ప్రొజెక్టరు వేశాడు. గోడంత ముఖం. కళ్ళ అంచున గోధుమరంగు గీత. "ఇది నేను..." అన్నాడు. తుడిచేశాను అన్న మాట అనలేకపోయాడు. ఎన్నిసార్లు అనుకుని వచ్చాడో ఆ మాట.

తలుపు దగ్గర భార్య నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. గోడ వంకే చూస్తూ మాట్లాడింది.

"ఆ రంగు నేనూ చూశాను. జడ వేస్తూ చూశాను. ‘నీ కళ్ళు తేనెరంగుకి తిరిగాయే, ఎవరి పోలికొచ్చిందో’ అని మురిసిపోయాను. అది అద్దంలో చూసుకుని నవ్వుకుంది. ఆయనేమో మచ్చ అనుకున్నారు, నేను అందం అనుకున్నాను. ఇద్దరం చూశాం. ఒకరితో ఒకరం అనుకోలేదు. డాక్టర్ని అడగలేదు. మీ పిల్లల కళ్ళు అందంగా మారినా సరే, తీసుకెళ్ళి చూపించండి."

ఆవిడ చూసిందన్న సంగతి ఆయనకి తెలియడం అదే మొదలు.

ముందుగా లేచింది అన్నగారి భార్య. మొగుడికి చెప్పి వచ్చిందో చెప్పకుండా వచ్చిందో, పిల్లలిద్దర్నీ రెక్క పట్టుకుని డాక్టరమ్మ ముందు నిలబెట్టింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు నిలబడ్డారు.

అందరూ వెళ్ళాక, తాళం వెయ్యడానికి కాపలా మనిషి వచ్చాడు. ఫొటోగ్రాఫరు ప్రొజెక్టరు ఆపబోయాడు. భార్య ముందు వరసలో కూర్చుని ఉంది.

"ఆపకండి" అంది. "ఇంట్లో గోడ మీదున్నది మీరు దిద్దిన బొమ్మ. ఇది నా పిల్ల. ఇంకాసేపు చూసుకోనివ్వండి."

ఆయన వచ్చి ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాడు.