పటం కట్టించిన అద్దె కాగితం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బహ్రెయిన్‌లో, సనాబిస్‌లో మాకో కుట్టు షాపు దొరికింది. దాని అద్దె ఒప్పందాన్ని మా ఆయన పటం కట్టించారు. నవ్వకండి. తెలుగు సహవాసంలో సాక్ష్యం చెప్పి, కృతజ్ఞత కూడిక పెట్టి, ఆ కాగితాన్ని కత్తిరింపుల బల్ల పైన, వాగ్దాన వచనం పక్కన తగిలించారు. నేనూ సంతోషించాను. ఆరేళ్లు, పొద్దున్నే షట్టర్ ఎత్తగానే దానికేసి చూసి స్తోత్రం చెప్పుకున్నాను. చదవడం మాత్రం ఇద్దరిలో ఒక్కరమూ చదవలేదు.

ఆరేళ్ల గడువు ఇంకా నెల ఉందనగా ఓనరు తరఫు ఏజెంటు వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

“భాభీ, కాంట్రాక్టు ఖలాస్. నెలాఖరుకి ఖాళీ చెయ్యండి. ఓనరుగారి అల్లుడు ఇక్కడ జ్యూస్ షాపు పెడతాడు.”

బల్ల మీద సగం కుట్టిన స్కూలు యూనిఫారాలు. మా వీసాలు ఆ షాపు మీదే. షాపు లేకపోతే లైసెన్సు లేదు, లైసెన్సు లేకపోతే ఈ ఊళ్లో మేమే లేము. ఇదంతా చెప్పబోతుంటే మా ఆయన చేతులు జోడించి, “సరే భాయ్. ఇన్నాళ్లు ఉంచారు, శుక్రియా” అనేశారు.

అతను అటు వెళ్లగానే అడిగాను. “ఏంటండీ ఆ సరే? ఒక్క మాట అడగొచ్చు కదా?”

“ప్రభువు చిత్తం ఎలా ఉంటే అలా అవుద్దే.”

“ఇది ప్రభువు చిత్తం కాదండీ, ఓనరు అల్లుడి చిత్తం.”

శుక్రవారం కూడికలో ఆ సంగతి చెప్పేశారు కూడా. ప్రార్థన ముగిసేసరికి మాకు వీడ్కోలు కూడిక ఏ రోజో, బిర్యానీ ఎవరు వండాలో ఖాయమైపోయింది. “అంతా మేలుకే సిస్టర్” అంటూ ఒకామె నా భుజం తట్టి, అదే ఊపులో “మీ ఓవర్‌లాక్ మిషను అమ్మేస్తారా?” అంది. ఒళ్లు మండిపోయింది. ఆమెన్ అన్నాను, అది వేరే సంగతి.

మర్నాడు సామాన్ సర్దుతూ పటం దించాను. వెనక అట్ట చెమ్మకి ఉబ్బి ఉంటే ఊడదీశాను. కాగితం వెనక నిండా అక్షరాలే! ఎడమపక్క ఇంగ్లీషు, కుడిపక్క అరబ్బీ. నేను బడికి వెళ్లినదాన్ని కాదు. మా అమ్మ రెండు భాషల కొత్త నిబంధన ముందేసుకుని, తెలుగు చదివించి, పక్కనున్న ఇంగ్లీషు మీద వేలు పెట్టించేది. ఇక్కడా అలాగే వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కున్నాను. తొమ్మిదో షరతు దగ్గర వేలు ఆగింది. ఒప్పందం వద్దనుకున్నవాళ్లు గడువుకి మూడు నెలల ముందు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే అది మరో ఏడాది కొనసాగుతుంది.

ఆరేళ్లుగా ఆ షరతు గోడకేసి చూస్తూ కూర్చుంది.

“మీకు కాగితం ఏదైనా ఇచ్చాడా?” అని మా ఆయన్ని అడిగాను.

“నోటిమాటే కదే.”

ఒప్పందం మా కఫీల్, అంటే మా వీసాలకి పూచీ ఉన్న ఇక్కడి అరబ్బు పేరున ఉంది కాబట్టి అతనికీ ఫోను చేయించాను. తనకూ ఏమీ రాలేదన్నాడు.

ఏజెంటు మళ్లీ వచ్చాడు. “ఇంకా సర్దలేదా భాభీ? ఆయన సరే అన్నాడుగా!”

“ఆయన అందరికీ సరే అంటారు భాయ్. మీ కాగితం ఏది?”

ఒప్పందం చేతికిచ్చి తొమ్మిదో షరతు చూపించాను. చదివాడు, తిప్పాడు, మళ్లీ చదివాడు. “ఇంతకాలం ఎక్కడుంది ఇది?”

“గోడకే ఉంది. మీరొచ్చినప్పుడల్లా దాని కిందే నిలబడ్డారు.”

బయటికెళ్లి ఓనరుతో ఫోనులో చాలాసేపు వాదించాడు. లోపలికొచ్చి, “యల్లా, కానివ్వండి, ఒక్క ఏడాది” అని గొణిగి వెళ్లిపోయాడు.

మా ఆయన కళ్లు తుడుచుకుని సుత్తి వెతకడం మొదలుపెట్టారు, పటం మళ్లీ తగిలించడానికి! “మేకు కొట్టారంటే ఊరుకోను” అని కాగితాన్ని మిషను సొరుగులో పెట్టేశాను. వీడ్కోలు కూడిక కృతజ్ఞత కూడిక అయింది. బిర్యానీలో మార్పు లేదు.

మరుసటి ఏడు, గడువుకి మూడు నెలల ముందే ఏజెంటు వచ్చాడు, ఈసారి కాగితంతో. మా ఆయన “శుక్రియా” అనబోతుంటే చేత్తో ఆపి, ముందు ఒకసారి, వెనక ఒకసారి చదివి, అతని చేత తేదీ వేయించి పుచ్చుకున్నాను. వేరే షాపు వెతుక్కోవడానికి మూడు నెలలు చేతిలో ఉన్నందుకు మనసారా స్తోత్రం చెప్పుకున్నాను. అతను మెట్లు దిగాకే.