ఎమ్మిగనూరులో ఒక జహాజు మనిషి

మా ఇంట్లో కుక్కర్ మూత సందులోంచి ఆవిరి బుస్సుమన్నప్పుడల్లా నేను కుర్చీలోంచి లేచి నిలబడతాను. నా భార్యకు అలవాటైపోయింది. "కూర్చోండి, అది పప్పు. మీ సాబు కాదు" అంటుంది. తడి ఆవిరి, కాలిన ఇనుము కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, ఆదోనిలో ఒక నూనె మిల్లు వెనక రేకుల షెడ్డు, అందులో బాయిలర్ ముందు ఖాకీ నిక్కరుతో, చేతుల్లేని బనియనుతో నిలబడిన ఖాసీం సాబ్ కళ్ళముందుకొస్తాడు. డెబ్బైల చివర నేను ఆ మిల్లులో గుమాస్తాగా చేరాను. గింజను ఉడికించడానికి ఆవిరి కావాలి. ఆ ఆవిరికి అధిపతి ఆయన. షెడ్డు పనులు చూసుకోమని నన్ను ఆయన కింద వేశారు. డిగ్రీ చదివినవాణ్ణి బాయిలరోడి కింద వేస్తారా అని మొదటి నెలంతా మొహం మాడ్చుకుని తిరిగాను.

మిల్లుకు రాకముందు ఆయన నేవీలో ఉండేవాడట. డిస్ట్రాయర్ అనే రకం యుద్ధనౌకలో, అడుగున బాయిలర్ గదిలో పనట. ఈ 'అట' నాది. ఆయన ఎప్పుడూ 'అట' అనలేదు. రెండు బిందెల నీళ్ళ కోసం కొళాయి దగ్గర జుట్లు పట్టుకునే ఊళ్ళో ఒక మనిషి వచ్చి, నేను ఏళ్ళతరబడి నీళ్ళ మీదే బతికానంటే ఎవరు నమ్ముతారు? ఆయన బొంబాయిలో ఏదో హోటల్లో అంట్లు తోముతూ ఉండేవాడని సొంత బావమరిదే చెప్పుకు తిరిగాడు. అంతే, నేను ఆయనకు 'హోటల్ సాబ్' అని పేరు పెట్టాను. పేరు పెట్టడంలో నాకున్న చురుకుదనం పని చేయడంలో ఉండేది కాదు. వారం తిరగకముందే గేటు దగ్గర కావలివాడి నుంచి గింజ చెరిగే ఆడవాళ్ళ దాకా అందరూ ఆ పేరే పట్టుకున్నారు. ఆయన విన్నాడు.

ఒకరోజు ఆయన టీ గ్లాసు ముందు పెట్టుకుని చాలాసేపు తాగకుండా కూర్చున్నాడు. ఏమైంది సాబ్ అన్నాను.

"మా జహాజును ఒడ్డుకు లాగి కోసేసినారంట శేషూ. ముక్కలు ముక్కలు సేసి పాత ఇనుము కింద ఇచ్చేసినారంట."

"ఓడే కదా సాబ్, పాతదైపోయింటాది."

"ఇంగ జహాజు అంటే మేమే. ఆన్నుండి దిగినోళ్ళం. మా పక్కనోడు ఒకడుండె, ఎమ్మిగనూరు ఈరన్న. ఇద్దరం ఒకే బాయిలరు ముందర మాడినాం. వాడు ఒక్కడు దొరికితే సాలు. నేను సచ్చేలోపల, ఔ, వీడు నాతో ఉండాడు అని ఒక్కడన్నా అనాల కదప్పా."

అలా మొదలైంది వెతుకులాట. ఆదోని మీదుగా బొంబాయి, మద్రాసు రైళ్ళు పోతాయి. సెలవుకు ఊళ్ళకు పోయే నేవీ వాళ్ళు వాటిల్లోనే పోవాలని ఆయన లెక్క. ఆదివారం వస్తే నన్ను వెంటబెట్టుకుని స్టేషనుకు పోయేవాడు. రైలు ఆగిందంటే జనరల్ పెట్టెల వెంట నడుస్తూ, కిటికీల్లోకి తొంగిచూస్తూ, క్రాపు పొట్టిగా ఉన్న ప్రతివాణ్ణీ "నేవీనా భాయ్?" అని అడిగేవాడు. నేను నాలుగడుగులు వెనక, ఈయనెవరో నాకు తెలియనట్టు నడిచేవాణ్ణి. ఒకసారి తెల్ల ప్యాంటు, తెల్ల కోటు, భుజాల మీద బంగారు కుచ్చులతో ఒకాయన ఠీవిగా ప్లాట్‌ఫారం మీదికి దిగాడు. ఖాసీం సాబ్ మడమలు దగ్గరికి కొట్టి సెల్యూట్ చేశాడు.

"ఏ జహాజు సార్?"

ఆయన అటూ ఇటూ చూసి, "జహాజు కాదన్నా, బళ్ళారి బ్యాండు. పెండ్లికి వచ్చినాం. డోలు ఎనక పెట్టెలో ఉండాది, రొంత పట్టుకుంటారా?" అన్నాడు.

పట్టుకున్నాం. డోలు ఒక పక్క సాబ్, ఒక పక్క నేను. మర్నాడు మిల్లులో ఆ సెల్యూట్‌ను అభినయించి చూపి అందరినీ నవ్వించాను. డోలు మోసింది మాత్రం చెప్పలేదు.

కానీ ఇంకో ఆదివారం అదే స్టేషనులో, ఆ సెల్యూట్‌ను తలుచుకుని నేను నవ్వుకుంటుండగానే, మద్రాసు పోయే ఒక ముసలాయన కిటికీలోంచి సాబ్ చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ హిందీలో గబగబా మాట్లాడుకున్నారు. ఆయన వేరే ఓడవాడు, అయినా ఈరన్నను బొంబాయిలో ఎరుగును. నౌకరీ వదిలి ఎమ్మిగనూరు వెళ్ళి మళ్ళీ మగ్గంలో కూర్చున్నాడని చెప్పాడు. రైలు కదిలినా సాబ్ చెయ్యి వదల్లేదు. నేను వెనకనుంచి నడుం పట్టుకుని లాగాల్సి వచ్చింది.

ఇక ఎమ్మిగనూరు. అక్కడ ఈరన్నను వెతకడమంటే చేనులో ఫలానా వేరుశనగ కాయను వెతకడమే. మా వైపు ఈరన్న స్వామికి మొక్కుకుంటే పుట్టిన పిల్లలందరికీ అదే పేరు. బస్టాండులో "ఈరన్నా" అని పిలిస్తే టీ బంకు, సైకిల్ షాపు, కండక్టరు, అందరూ తిరిగి చూశారు. ఇంటిపేరు సాబ్‌కు తెలియదు. ఓడలో ఎవరు అడిగారు? ఆదివారం ఆదివారం వెళ్ళాం. ప్రతి ఈరన్నా మమ్మల్ని మర్యాదగా ఇంట్లో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, తాను ఆ ఈరన్న కాదని నిదానంగా చెప్పేవాడు. ఒక ఈరన్న మాత్రం, సాబ్ మాకోసం తెప్పించిన ఉగ్గాని బజ్జీలను చూస్తూ, "ఔ, నేనే" అన్నాడు.

సాబ్ ఆయన మొహంలోకి చూశాడు. "అట్లనా? బాయిలరు రూముకు యాట్ల పోవాల?"

"ఊరిబయట నుంచే పోవాల. ఊళ్ళో నుంచి బండి పోదు."

సాబ్ తన పొట్లం కూడా ఆయన ముందుకే తోశాడు. "తినప్పా. ఊరిబయట నుంచి శానా దూరం వచ్చింటావు" అన్నాడు.

ఇక నా సంగతి. ఒక ఆదివారం బాయిలర్ మరమ్మతు పడి సాబ్ కదల్లేకపోయాడు. మిగిలిన ఒక్క వీధీ చూసి రమ్మని నన్ను పంపాడు. నేను బయల్దేరింది సినిమాకు. వీధి దారిలో ఉంది కాబట్టి వెళ్ళాను. గుంటమగ్గాల చప్పుడు మధ్య పది గడపలు అడిగానో లేదో, ఒక ఇంటి అరుగు మీద ఒకామె రాట్నం ముందు కండెలు చుడుతోంది. "అమ్మా, ఈ ఇంట్లో ఈరన్న అని ఉన్నారా? ఓడలో పని చేసినాయన?" అన్నాను. ఆమె చెయ్యి ఆగింది. కొంగు తల మీదికి లాక్కుని తల దించుకుంది.

"ఆ పేరు నాకాడ అడగొద్దప్పా. రొంచేపు కూకో. మా పెద్దోడు వస్తాడు, వాణ్ణి అడుగు."

ఆమెకు ఆ పేరువాళ్ళతో ఏదో తగాదా ఉన్నట్టుందని నిర్ణయించుకున్నాను. ఆట మొదలవడానికి టైమవుతోంది. పర్లేదమ్మా అని వచ్చేశాను. మర్నాడు సాబ్ అడిగితే, "వీధంతా చూసినా సాబ్. లేడు" అన్నాను. 'చూసినా' అన్న మాటను కాస్త గట్టిగానే అన్నాను. ఆయన తల ఊపాడు. ఆ తర్వాత ఎమ్మిగనూరు మాట ఎత్తలేదు.

మరుసటి ఏడు నాకు పెళ్ళయింది. కొత్త కాపురంలో ఒకరోజు జనాభా లెక్కలాయన గుమ్మంలో నిలబడి నా భార్యను భర్త పేరు అడిగాడు. నేను లోపల గడ్డం గీసుకుంటున్నాను. మా ఇళ్ళల్లో భార్య భర్త పేరు పలకదు. ఆమె కొంగు సర్దుకుని, "దేవుడు పండుకుంటాడే సార్, దాని పేరు" అంది.

"మంచమా?" అన్నాడాయన.

"మంచం కాదు సార్. పాలల్లో పండుకుంటాడు కదా, ఆడ కింద ఉంటుందే."

"పాలల్లో మంచమేందమ్మా? నాకింకా వీధి మిగిలుండాది. కొంచెం తొందరగా సెప్పు."

సబ్బు నురగతోనే నవ్వుతూ బయటికొచ్చి శేషయ్య అని చెప్పబోయాను. అంతలో రాట్నం ముందు దించుకున్న ఆ తల గుర్తొచ్చింది. ఆమె నన్ను పొమ్మనలేదు. భర్త పేరు నోట పలకలేక కూర్చోమంది. ఈ ఆచారంలో పుట్టి పెరిగినవాణ్ణి, సినిమా తొందరలో దాన్ని తగాదా అనుకున్నాను.

సగం గీసిన గడ్డంతోనే షెడ్డుకు పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. సాబ్ నీళ్ళ మట్టం చూపే గాజు గొట్టాన్ని గుడ్డతో తుడుస్తూ విన్నాడు.

"ఆయమ్మ కూకోమనిందా?"

"అన్నాది సాబ్."

"సినిమా బాగుండెనా?"

నేను చెంప మీది సబ్బు నురగ తుడుచుకున్నాను.

"జహాజులో కాపలా ఉండేటోడు 'ఏం లేదు' అంటే మిగతావోళ్ళు నిమ్మళంగా పండుకుంటారు శేషూ. వాడు సూసే సెప్పినాడని నమ్మి. నేనూ పండుకుంటి, ఏడాది." ఆ గుడ్డ నా భుజం మీద వేసి, "పోయి మిగతా గడ్డం గీసుకోని రా. బస్సుకు పోదాం" అన్నాడు.

అరుగు మీద ఆమె నన్ను చూడగానే గుర్తుపట్టింది. "కూకోమంటే నిలబడే పోయినోడివి కదా నువ్వు" అంది. లోపల్నుంచి కొడుకు వచ్చి చెప్పాడు. వాళ్ళ నాయనకు ఆయన తాత పేరే, ఈరన్న అని పెట్టారు. మామ పేరు పలకకూడదని కన్నతల్లి కొడుకును బుడ్డోడా అని పిలిచేదట. వీధికి ఆయన బుడ్డన్నే. మీసాలు నెరిసినా బుడ్డన్నే. ఈరన్న అనే పేరుతో ఆయన్ను పిలిచింది ఒక్క నేవీయే. "పోయిన ఎండాకాలం పక్షవాతం వచ్చినాది. కుడిపక్క పడిపోయింది. మాట రాదు. అంతకుముందు దాకా గలగలా మాట్లాడతాండె" అన్నాడు. ఎండాకాలానికి ముందు నేను ఆ అరుగు దగ్గర నిలబడి వెళ్ళాను. ఆ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు, నేనే వేసుకున్నాను.

నులకమంచం మీద ఈరన్న సాబ్‌ను చూశాడు. ఎడమచేత్తో ఆయన మణికట్టు పట్టుకున్నాడు. సాబ్ మంచం అంచున కూర్చుని, ఏమీ జరగనట్టు, నేను మిల్లులో ఎన్నోసార్లు విని నోరు మూసుకుని నవ్వుకున్న కథలు మొదలుపెట్టాడు. "ఆ పొద్దు వంటోడు పప్పు డేగిసా మీద మూత తీసినాడా..." అన్నాడో లేదో, ఈరన్న వంకర నోటితో కిలకిలా నవ్వేశాడు. కథలో ఇంకా గాలి రాలేదు. ఆఫీసరు టోపీ ఇంకా ఎగరలేదు. అది పప్పులో పడటానికి చాలా దూరముంది. తర్వాత ఏం జరుగుతుందో ఆ ఓడలో ఉన్నవాడికి తప్ప ఎవరికి తెలుసు? సాబ్ నా వైపు తిరిగి చూడలేదు. చూసి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

తర్వాత తుఫాను కథ. "లేసింది శేషూ అల, ఆదోని కొండంత" అన్నాడు సాబ్. ఈరన్న ఎడమచేయి పైకి లేచి, కిందికి దిగింది.

"కొండంత కాదా? సరే, మిల్లు గొట్టమంత."

చెయ్యి ఇంకా దిగింది.

"మిద్దె అంత?"

ఇంకా దిగింది. ఇంట్లో వాళ్ళందరూ నవ్వుతున్నారు. ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి ఆ చెయ్యి మంచం కోడు మీద ఒక మూర ఎత్తున ఆగింది. సాబ్ ఓటమి ఒప్పుకున్నాడు. "సరే, ఎద్దంత. కానీ పెద్దెద్దురా ఈరన్నా." దానికి మాత్రం ఈరన్న తల ఊపాడు.

ఖాసీం సాబ్ ఉన్నన్నాళ్ళూ నెలకొకసారి ఆ ఇంటికి పోయేవాళ్ళం. ఇప్పటికీ ఎవరింటికైనా పోయి ఏదైనా అడిగితే, లేదు అన్నాక కూడా కాసేపు కూర్చుంటాను. కూర్చోమనకపోయినా. కొందరు విసుక్కుంటారు, పడతాను.

ఆ మొదటి రోజు తిరుగు బస్సులో సాబ్ "ఎద్దు సంగతి మిల్లులో సెప్తావా?" అని మెల్లగా అడిగాడు. మర్నాడు గేటు దగ్గర అందరూ నన్ను చుట్టుముట్టారు. ఏమప్పా, హోటల్ సాబ్ మనిషి దొరికినాడంట కదా, అల ఎంతంట అన్నారు. కొండంత అని చెప్పాను. ఇంకా కొంచెం పెద్దదేమో అని కూడా అన్నాను. చూడకుండా చూసినట్టు చెప్పిన మాటలు నా జీవితంలో చాలా ఉన్నాయి. తలచుకుంటే సిగ్గుపడనిది అదొక్కటే.