కెరటం వాలు మీద

మా పాప చనిపోయిన ఏడాది వేసవి సెలవుల్లో మా ఆయన నన్ను సముద్రం దగ్గరికి తీసుకువెళ్ళారు. నేను వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఆ రోజుల్లో ఎవరైనా లేవమంటే లేచేదాన్ని, తినమంటే తినేదాన్ని.

ఆయన నర్సీపట్నంలో సైన్సు మాస్టారు. మన్యంలో దొరల మీద లేచిన పితూరీ అణగిపోయి అప్పటికి కొంతకాలమైంది. మన్యపు జ్వరానికి మాత్రం ఏ పితూరీతోనూ పని లేదు, ఏటా కొండ దిగి ఊళ్ళోకి వచ్చేది. ఆ ఏడు చలికాలం చివర మా ఇంటికి వచ్చింది. పాపకి ఐదో ఏడు నడుస్తోంది. క్వినైను ఇచ్చాం, నుదుటి మీద తడిగుడ్డలు మార్చాం, పాస్టరుగారు వచ్చి మోకాళ్ళ మీద ప్రార్థన చేశారు. ఒక మధ్యాహ్నం నా ఒళ్ళోనే దాని ఊపిరి ఆగిపోయింది.

సమాధుల దొడ్డిలో మట్టి వేస్తున్నప్పుడు వచ్చినవాళ్ళంతా ఏడ్చారు. ఆయన ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు. ఆ వారంలోనే ఆయన బడికి వెళ్ళడం మొదలుపెట్టారు. సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని, పుస్తకం ముందు కూర్చునేవారు. పాప మాట ఆయన ఎత్తేవారు కాదు, నేనూ ఎత్తేదాన్ని కాదు. ఇంట్లో ఇద్దరం ఒకరికొకరు అడ్డం రాకుండా తిరిగేవాళ్ళం.

మా పెద్దమ్మావాళ్ళు నక్కపల్లి దాటి, సముద్రపొడ్డున ఒక జాలరుల పల్లెలో ఉండేవారు. పెదనాన్న అక్కడి చిన్న బడిలో పాఠాలు చెప్పేవారు. ఎడ్లబండి కట్టించుకుని కోటవురట్ల మీదుగా వెళ్ళి, దారిలో ఒక రాత్రి ఆగి, మర్నాడు ఎండ ముదరకముందే వాళ్ళింటికి చేరాం. పెద్దమ్మ నన్ను చూసి ఏమీ అడగలేదు. తలకి నూనె రాసి, జడ వేసి, వసారాలో చాప పరిచింది.

మా ఆయన మాత్రం బండి దిగినవారు దిగినట్టే సముద్రం వైపు నడిచారు. నల్లబల్ల మీద కెరటం బొమ్మ ఎన్నిసార్లు గీశారో గానీ, సముద్రాన్ని అంత దగ్గరగా చూడడం ఆయనకి అదే మొదలు. వేట ముగించుకుని తెప్పలు తిరిగొచ్చే వేళ అది. దుంగలు కలిపి కట్టిన తెప్పలు, కెరటాలు విరిగే చోటుకి అవతల ఆగి ఉండేవి. మంచి కెరటం వెనక నుంచి లేస్తుండగా జాలరులు ఒక్కపెట్టున తెడ్లు వేసేవారు. కెరటం తెప్పని ఎత్తుకుని, బాణం వదిలినట్టు ఒడ్డుకి తెచ్చి పడేసేది. ఆయన అలా నిలబడి చూస్తూనే ఉన్నారు. కాళ్ళ కింద ఇసుక కోసుకుపోయి పాదాలు మునిగిపోయినా కదల్లేదు.

పెద్దమ్మ ఇంటి పక్కన ఉండే జాలరిని అడిగి, ఆయన పాత తెప్పలోంచి ఒక దుంగ సంపాదించారు. అతను దాన్ని చీల్చి, చెక్కి, ముందు కొస కాస్త పైకి లేచేలా బల్ల చేసి ఇచ్చాడు. ఆ బల్ల మీద బోర్లా పడుకుని కెరటం మీద ఒడ్డుకి రావాలని ఆయన పట్టుదల.

మొదట్లో సముద్రం ఆయన్ని ఎత్తి కుదేసింది. ఉప్పునీళ్ళు మింగి, రొమ్ము గీరుకుపోయి, చెవుల నిండా ఇసుకతో వచ్చేవారు. అన్నం ముందు కూర్చుని, ఎన్నో రోజుల తర్వాత నాతో నాలుగు మాటలు మాట్లాడారు.

“కెరటం పరిగెడతా ఉంటాది. నేనేమో నీళ్ళలో ఊరికే ఉన్నాను. అందుకే అది నా కిందనించి జారిపోతోంది. అదొచ్చేసరికే నేనూ ఇంచుమించు దాని వేగంతో కదలాలి. ఆ జాలర్లు ముందే తెడ్లెందుకేస్తారో ఇప్పుడర్థమైంది.”

నేను మజ్జిగ వడ్డించాను.

తర్వాత ఒక పొద్దుట, పెద్దమ్మ బలవంతం మీద నేనూ ఒడ్డున కూర్చున్నాను. ఆయన లోపలికి వెళ్ళి, వెనక్కి చూసుకుంటూ, రెండు చేతులతో నీళ్ళు తోసుకున్నారు. కెరటం ఆయన్ని ఎత్తింది. ఈసారి వదల్లేదు. దాని ముందువాలు మీద తల ఎత్తుకుని, నురుగుకి ఒక మూర ముందుగా, ఇసుక తగిలేదాకా వచ్చేశారు. లేచి, బల్ల చంకలో పెట్టుకుని, నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. పకపకా నవ్వుతున్నారు.

“చూశావా? వాలు మీద భూమి మనల్ని కిందికి లాగుతాది. నీళ్ళు బల్లని పైకి నెడతాయి. ఆ రెండూ కలిసి ముందుకి తోస్తాయి. కొండ మీదనించి జారితే అడుక్కి చేరిపోతాం కదా, ఈ కొండ మనతోపాటే నడుస్తాది. అందుకని జారతానే ఉంటాం, అడుగు రాదు!”

ఆయన ఊపిరి తిప్పుకుని మళ్ళీ మొదలుపెట్టారు. “ఇంకో వింత చెప్పనా? ఆ అవతల కొబ్బరి డొప్ప తేలుతోంది చూడు. కెరటమొస్తే లేస్తాది, పోతే దిగుతాది, ఉన్నచోటే ఉంటాది. అంటే నీళ్ళు ప్రయాణం చెయ్యవు. ఎక్కడో నడిసముద్రంలో గాలి వీచింది. అదిచ్చిన శక్తే ఇక్కడిదాకా నడిచొస్తోంది. ఇక్కడ లోతు తగ్గేసరికి కెరటం కాళ్ళు తడబడతాయి, తల ముందుకి తూలి విరిగిపోతాది.”

“విరిగాక ఏటవుతాది?” అని అడిగాను.

“శక్తి ఎక్కడికీ పోదు. చప్పుడవుతాది, ఇసకని కదుపుతాది, పిసరంత వేడవుతాది. రూపం మారతాది గానీ నాశనం అవదు.”

“మరి మన పాపకి ఎంత శక్తుండేదండీ! వీధి చివరిదాకా ఒక్క గెంతులో వెళ్ళేది. అదంతా ఏటయింది?”

ఆయన నవ్వు ఆగిపోయింది. నా నోరు మాత్రం ఆగలేదు. “పిల్లని మట్టిలో పెట్టి ఎన్నాళ్ళయిందని? మీకు నవ్వెలా వస్తోందండీ?” అన్నాను.

“నాకు తెలీదు,” అన్నారు ఆయన. ఏ ప్రశ్నకి ఆ జవాబో నాకు అర్థం కాలేదు. బల్ల అక్కడే ఇసుకలో పెట్టి ఇంటికి నడిచి వెళ్ళిపోయారు. ఆ మాట అన్నందుకు నేను ఎప్పుడూ చింతించలేదు. ఎవరో ఒకరం పాప మాట ఎత్తాలి కదా.

మర్నాడు ఆయన సముద్రానికి వెళ్ళలేదు. ఆ మర్నాడూ అంతే. లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకున్నారు. పక్కింటి జాలరి భార్య చేపల గంపతో వచ్చి, గడపలో గంప దించి, నన్ను అడిగింది.

“ఏటమ్మగోరూ, మాస్టారుగోరు రాటం నేదు? ఒంట్లో బాగోనేదా?”

“బాగానే ఉన్నారు.”

ఆమె లోపలికి ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించింది. “మా ఆడు సెప్పాడమ్మా, మీకు సెప్పొచ్చో సెప్పకూడదో. మాస్టారుగోరు కెరటాలు దాటి లోపలికెల్లి, బల్ల మీద తల పెట్టుకుని, కూతురిని పేరెట్టి పిలుత్తారంట. గట్టిగా ఏడుత్తారంట. తెప్పల కాడ మావోళ్ళందరూ ఇన్నారు. ఒడ్డుకొచ్చేసరికి మొకం కడుక్కున్నట్టు నవ్వుతా వత్తారు.”

నేను పళ్ళెం తెచ్చి గడప దగ్గర పెట్టాను.

“సముద్దరంలో ఏడిత్తే ఎవరికి తెలుత్తాదమ్మా? మాకూ అదే అలవాటు,” అంది ఆమె. చేపలు పళ్ళెంలో వేసి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఎండ తగ్గాక ఆయన దగ్గరికి వెళ్ళి, “నన్ను కూడా తీసుకెళ్ళండి,” అన్నాను.

“ఎక్కడికి?”

“మీరు ఏడ్చే చోటికి.”

ఆయన లేచి కూర్చున్నారు. తర్వాత, జాలరి ఇసుకలోంచి తెచ్చి తన గోడకి ఆనించిన బల్ల తీసుకుని, ఇద్దరం నడిచి వెళ్ళాం. చీర కచ్చపోసి కట్టి, నడుముకి పెద్దమ్మ తువ్వాలు బిగించాను. నీళ్ళు మెడదాకా వచ్చేసరికి భయంతో ఆయన భుజం పట్టుకున్నాను. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, వెనక నించి పట్టుకుని ఉన్నారు. వెనక కెరటం లేస్తున్న చప్పుడు విన్నాను.

“ఇప్పుడు! చేతులు వెయ్యి, బేగి!” అని తోశారు.

ఒళ్ళంతా ఒక్కసారి పైకి లేచింది, ఆపైన వాలులోకి పడిపోవడం మొదలుపెట్టాను. పడుతూనే ఉన్నాను. నేను అరిచాను. మొదట అది భయానికి అరిచిన అరుపే. ఒడ్డు చేరేసరికి ఆ అరుపులోంచి పాప పేరు వచ్చింది. నురుగులో బోర్లా పడి, ఇసుక గుప్పెళ్ళతో పట్టుకుని, గొంతు చిరిగేలా ఏడ్చాను. ఆయన ఈదుకుంటూ వచ్చి, నా పక్కనే కూలబడి, తన ఏడుపు తను ఏడ్చారు. కెరటాలు మా మీంచి వస్తూ పోతూనే ఉన్నాయి.

ఆ రాత్రి పాప గురించి మాట్లాడుకున్నాం. అది బెల్లం దొంగిలించడం, పాస్టరుగారి గొడుగు ఎత్తుకుపోవడం, అన్నీ.

తర్వాత ప్రతి వేసవికీ వెళ్ళేవాళ్ళం. మాకు ఇంక పిల్లలు పుట్టలేదు. పల్లెలో ఆడవాళ్ళు మొదట నన్ను చూసి నోళ్ళు నొక్కుకున్నా, పోనుపోను అలవాటు పడ్డారు. నాకు ఆయనకంటే బాగా వచ్చిందని ఆయనే అందరితో చెప్పేవారు. నేను తేలిక కాబట్టి చిన్న కెరటం కూడా నన్ను ఎత్తుతుందట.

కొన్నేళ్ళకి జ్వరం ఆయన్నే పట్టుకుంది. వచ్చేది, పోయేది, మళ్ళీ వచ్చేది. పొట్టలో బల్ల, అంటే ప్లీహం, పెరిగిందన్నారు డాక్టరుగారు. చివరి వేసవిలో ఆయన నీళ్ళలోకి దిగలేకపోయారు. దుప్పటి కప్పుకుని ఒడ్డున కూర్చుని, కెరటాలు ఏరి చెప్పేవారు. “అది కాదు, దాని వెనకది! ఆ, ఇప్పుడు!” ఆ గొంతు కెరటాల హోరులో నాకు సగమే వినబడేది. ఒకసారి నేను కెరటం మీద ఆయన కాళ్ళ దగ్గరిదాకా వచ్చి లేస్తే, ఆయన నా చెయ్యి పట్టుకుని, “నేనే వచ్చినట్టుంది,” అన్నారు.

ఆ వానాకాలంలోనే వెళ్ళిపోయారు. పాప పక్కనే చోటు ఇచ్చారు. వానకి గోతిలో నీళ్ళు ఊరుతుంటే, తోడుతూ తోడుతూ పెట్టెని దించాల్సి వచ్చింది. అయినవాళ్ళు నన్ను రెండు రెక్కలూ పట్టుకుని గొడుగు కిందికి లాగారు. నేను గొడుగు తోసేశాను. గట్టిగా ఏడ్చాను, ఊరంతా వినేలా.

తర్వాత ఆయన పనిచేసిన బడిలోనే చిన్నపిల్లల తరగతి నాకు ఇచ్చారు. పలక మీద అక్షరాలు దిద్దించడంలో రోజులు గడిచాయి. పెద్దమ్మ ప్రతి వేసవికీ బండి పంపుతానని కబురు పెట్టేది. ఈ ఏడు కాదులే అనేదాన్ని. కెరటం ఏరి చెప్పే ఆ గొంతు లేని ఒడ్డుకి వెళ్ళాలనిపించేది కాదు. ఆమె బతికి ఉన్నంతకాలం కబురు పెడుతూనే ఉంది, నేను వెళ్ళలేదు.